కత్తి అంచు కింద గుండె: ఇగా నుంచి సకాయ్ దాకా

మా అమ్మ అడిగింది ఒక్కటే. "అంత దూరం పోతున్నవు గద కొడుకా, అక్కడి కత్తులు మంచిగుంటయంటరు. కూరగాయలు కోసుకునేది ఒకటి పట్టుకరా." మా వాడి కోరికలకు మాత్రం అంతు లేదు. నల్ల ముసుగు కావాలి, విసిరితే గిర్రున తిరిగే ఇనుప నక్షత్రం కావాలి, గోడ మీద పాకడం నేర్పే గురువు దొరికితే ఇంకా మంచిది. వాడికి పదకొండేళ్ళు. టీవీలో నింజా పిల్లాడి కార్టూన్ చూస్తూ అన్నం తిన్న తరం. "ఇగా వాళ్ళు మంచోళ్ళు నాన్నా, కోగా వాళ్ళు తొండి చేస్తరు" అని విమానం ఎక్కకముందే నాకు జపాన్ చరిత్ర పాఠం చెప్పేశాడు. ఇగా, కోగా అంటే నింజాలకు, అంటే జపాన్ పాతకాలపు గూఢచారులకు, పేరుపడ్డ రెండు సీమలు.

2024 దసరా సెలవుల్లో మేమిద్దరమే బయల్దేరాం. బతుకమ్మను వదిలిపెట్టి రానంటే రానంది మా ఆవిడ.

మొదటి రోజు, అక్టోబరు 9: ఒసాకా

ఈ రోజు గురించి రాయడానికేమీ లేదు. హైదరాబాద్ నుంచి బ్యాంకాక్, అక్కడ ఆరు గంటల పడిగాపులు, తర్వాత కాన్సాయ్ విమానాశ్రయం. హోటల్ గది మా ఇంటి స్టోర్ రూమంత. చేపల పొడి కలవని తిండి కోసం రెండు దుకాణాలు తిరిగి, చివరికి తెల్లన్నం కొనుక్కుని, వెంట తెచ్చుకున్న కరివేపాకు పొడి కలుపుకుని తిన్నాం. ఎనిమిదింటికే నిద్ర.

రెండో రోజు, అక్టోబరు 10: ఇగా

కింతెత్సు రైల్లో ఇగా-కాంబె దాకా వెళ్ళి చిన్న రైలు మారాలి. ప్లాట్‌ఫాం మీదికి వచ్చిన ఆ బండిని చూసి మా వాడు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఇంజను ముఖమంతా రెండు పెద్ద కళ్ళు, కింద ముసుగు. రైలే నింజా వేషం కట్టింది. ఆ బొమ్మలు వేసింది లెయిజి మత్సుమోతో అనే పేరున్న చిత్రకారుడు. పొలాల మధ్య నుంచి అరగంట ఊగుతూ వెళ్ళి దిగిన స్టేషను అసలు పేరు ఉఎనోషి. 2019 నుంచి దానికి 'నింజాషి' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు, అంటే నింజా నగరం. స్టేషన్ బయట కర్ర పట్టుకున్న ఒక బాటసారి విగ్రహం. అది నింజా కాదు, మత్సువో బషో. హైకూ కవుల్లో అందరికన్నా పెద్దవాడు 1644లో పుట్టింది ఈ ప్రాంతంలోనే. కాలినడకన అన్నన్ని దూరాలు తిరిగాడు, పైగా ఇగా వాడు, కాబట్టి గూఢచారే అయ్యుంటాడని ఒక పుకారు ఉంది. ఆధారాలేమీ లేవు గానీ మా వాడికి మాత్రం వెంటనే నమ్మకం కుదిరింది.

ఊళ్ళో అద్దె వేషాల దుకాణాలున్నాయి. పార్కు దారిలో గులాబీ రంగు నింజా బట్టల్లో ఒక ఫ్రెంచి కుటుంబం, నీలం రంగులో ఇద్దరు ఆస్ట్రేలియా ముసలాళ్ళు, తోపుడుబండిలో నల్ల ముసుగు వేసుకుని నిద్రపోతున్న పసివాడు. మా వాడికీ ఒకటి తొడిగించాను. నన్నూ వేసుకోమన్నాడు. నా పొట్టకు సరిపోయే నింజా ఇగా చరిత్రలో ఉండి ఉండడని తప్పించుకున్నాను.

నింజా మ్యూజియం ఉఎనో పార్కులో, చెట్ల మధ్య ఉంది. మొదట గడ్డికప్పు ఇల్లు. బయటికి మామూలు రైతు ఇల్లే. లోపల నింజా బట్టల్లో ఉన్న అమ్మాయి గోడకు భుజం ఆనించింది, మాయమైంది. గోడే తలుపు, నడుమ ఇరుసు మీద తిరుగుతుంది. తర్వాత నేల పలక ఒకదాని కొసను నొక్కింది. రెండో కొస లేచింది, కింద కత్తి, రెప్ప వేసే లోపల చేతిలోకి వచ్చేసింది. మా వాడు మళ్ళీ చూపించమన్నాడు. ఆ అమ్మాయి నవ్వి మళ్ళీ చూపించింది. చప్పట్లు కొట్టినవాళ్ళలో సగం మందికి జపనీస్ రాదు. అవసరమూ పడలేదు.

నేను ఎక్కువసేపు నిలబడిపోయింది పక్కనున్న ప్రదర్శనశాలలో. వెంటపడేవాళ్ళ కాళ్ళ కింద చల్లే ముళ్ళు అక్కడ పెట్టారు. ఇనుపవి తర్వాత వచ్చాయి, మొదట్లో వాడింది చెరువుల్లో పెరిగే ఒక కాయను ఎండబెట్టి. దగ్గరికెళ్ళి చూస్తే మన సింగాడ కాయ చుట్టమే! నాలుగు కొమ్ములతో పల్లేరు కాయకు పెద్దన్నలా ఉంది. చిన్నప్పుడు చేలల్లో చెప్పుల్లేకుండా పరిగెత్తినవాళ్ళకు ఈ ఆయుధం ఎలా పనిచేస్తుందో వివరించనక్కర్లేదు.

నింజాలు వేసే వేషాలు ఏడని ఇంకో బల్ల మీద రాసుంది. వేణువూదే సన్యాసి, బౌద్ధ భిక్షువు, కొండల్లో తపస్సు చేసే సాధువు, వ్యాపారి, వీధి గారడీవాడు, నాటకాల మేళంవాడు, ఏడోది మామూలు మనిషి. ఆ ఏడు వేషాల్లో నల్ల ముసుగు లేదు. మా నాన్నమ్మ చెప్పే పగటివేషగాళ్ళ కథలు గుర్తొచ్చాయి. ఊరూరా తిరిగే ఆ వేషగాళ్ళలో రాజుగారి వేగులు కలిసిపోయేవాళ్ళని చెప్పేది. మా వాడికి ఇది చెబితే ఏడో వేషం దగ్గరే ఆగిపోయాడు. "మామూలు మనిషి వేషమంటే ఎట్ల నాన్నా? అందులో వేషం ఏముంది?" నాకు జవాబు తోచలేదు.

1676లో ఇగాకు చెందిన ఫుజిబయాషి కుటుంబంవాడు ఈ విద్యలన్నిటినీ కలిపి ఒక పెద్ద గ్రంథం రాశాడు, పేరు బాన్‌సెన్‌షూకాయ్. అందులో గూఢచర్యం రెండు రకాలు. చీకట్లో దాక్కుని చేసేది ఒకటి, వెలుగులో అందరి ముందూ తిరుగుతూ చేసేది ఇంకొకటి. నీళ్ళు దాటడం, తాళాలు తెరవడం, నిప్పు పెట్టడం అన్నీ ఉన్నాయి. మొదలుపెట్టింది మాత్రం వాటితో కాదు, మనసును చక్కగా పెట్టుకోవడం ఎలా అన్న దానితో. ఆ విద్య లేకపోతే మిగతాదంతా దొంగతనమే అన్న లెక్క. నింజా అన్న మాటలో మొదటి అక్షరం గోడ మీద మనిషంత ఎత్తున రాసి ఉంది. పైన కత్తి అంచు, దాని కింద గుండె. రెండూ కలిపితే ఓర్చుకోవడం, దాగి ఉండడం అనే అర్థాలు వస్తాయట. మా వాడు ఆ అక్షరాన్ని నోట్‌బుక్కులో దించుకున్నాడు.

చరిత్రలోకి వెళితే ఇగా గెలుపుల ఊరు కాదు. కొండల నడుమ చిన్న గిన్నె లాంటి నేల. పైన రాజంటూ లేకుండా చిన్న చిన్న భూస్వాములు తమలో తాము పంచాయితీ పెట్టుకుని ఏలుకునేవాళ్ళు. 1579లో, జపాన్‌ను గుప్పిట్లోకి తెచ్చుకుంటున్న సేనాని ఓద నొబునాగ కొడుకు దండెత్తి వచ్చి పరువు పోగొట్టుకుని వెళ్ళాడు. 1581లో నొబునాగ 40 వేలకు పైగా సైన్యాన్ని పంపి ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టించాడు. మరుసటి ఏడే తన మనిషే ఎదురుతిరగడంతో నొబునాగ ప్రాణం పోగొట్టుకున్నాడు. అప్పుడు ప్రాణభయంతో పారిపోతున్న నొబునాగ మిత్రుడు తొకుగావ ఇయెయసును ఇగా వాళ్ళే ఈ కొండదారుల గుండా క్షేమంగా దాటించారు. ఆ కథలో ముందుండే పేరు హత్తోరి హంజో. ఇయెయసు తర్వాత దేశాన్నేలాడు, ఇగా వాళ్ళకు ఎదో (ఇప్పటి టోక్యో) కోటలో కాపలా కొలువులిచ్చాడు. టోక్యో రాజప్రాసాదం గేటుకూ, ఒక మెట్రో లైనుకూ ఈనాటికీ హంజో పేరే. సినిమాల్లో గాల్లో ఎగిరే వీరులు నిజజీవితంలో గేటు దగ్గర డ్యూటీ చేశారన్నమాట.

2018లో ఈ ఊరికి ఒక తమాషా ముప్పు వచ్చిపడింది. ఇగాలో నింజాల కొరత ఉంది, ఏడాదికి లక్షల జీతం ఇస్తారని ఒక పుకారు ప్రపంచమంతా పాకింది. ఒక్కో దేశం నుంచి ఉద్యోగం కావాలని ఉత్తరాలు మొదలయ్యాయి. చివరికి నగరపాలక సంస్థ అబద్ధాన్ని నమ్మొద్దని తన వెబ్‌సైట్లో ప్రకటన పెట్టుకోవాల్సి వచ్చింది. దాక్కోవడమే వృత్తిగా బతికినవాళ్ళ ఊరు తన ఉనికి గురించి వివరణ ఇచ్చుకోవాల్సి రావడం నాకు భలే నచ్చింది. నింజాల మీద పరిశోధన మాత్రం నిజంగానే జరుగుతోంది. మియె విశ్వవిద్యాలయం 2017లో అంతర్జాతీయ నింజా పరిశోధన కేంద్రం పెట్టింది. 2020లో మొదటి మాస్టర్స్ పట్టా కూడా ఇచ్చింది.

సాయంత్రం కోట గోడ ఎక్కాం. తోదో తకతొర కట్టించిన రాతిగోడ, దాదాపు 30 మీటర్లు, అంచున కంచె లేదు, కడ్డీ లేదు. కింద నీళ్ళు. నింజా బట్టల్లో ఉన్న మా వాడు రెండు గజాల దూరం నుంచే తొంగిచూసి వెనక్కి వచ్చాడు. ధైర్యం బట్టల్లో ఉండదని అప్పుడే తెలిసింది కాబోలు, అద్దె గంట మిగిలుండగానే విప్పేశాడు.

ఊళ్ళో దొరికే తినుబండారం 'కతయకి'. గోధుమపిండి బిళ్ళ, రాయిలా ఉంటుంది. చిన్న కొయ్య సుత్తి ఇచ్చి మరీ అమ్ముతారు. నింజాలు దారిబత్తెంగా తీసుకెళ్ళేవారని చెబుతారు. నెల రోజులు డబ్బాలో మిగిలిన సకినాన్ని కొరికినవాడికి ఇదొక లెక్కా? సుత్తి వాడలేదని చూపించడానికి మా వాడు పన్నుతోనే ప్రయత్నించాడు, తర్వాత సుత్తే అడిగాడు. రాత్రి ఇంటి నుంచి సద్దుల బతుకమ్మ వీడియో వచ్చింది. ఇగా వీధుల్లో చీకటి పడగానే మనుషులే లేరు, మా కాలనీలో మాత్రం అడుగు పెట్టే చోటు లేదు.

మూడో రోజు, అక్టోబరు 11: కోకా

కార్టూన్ చూసిన పిల్లలందరూ 'కోగా' అంటారు. ఊరివాళ్ళు 'కోకా' అంటారు. ఒక కొండ వరస ఇవతల మియె జిల్లా, అవతల షిగ జిల్లా. బద్ధశత్రువులని మా వాడు చెప్పిన ఈ రెండు ఊళ్ళ మధ్య దారిలో త్సుగె దాకా చిన్న డీజిల్ రైలు నడుస్తుంది. అక్కడ ఇంకో రైలు మారాలి. నిజానికి ఈ రెండు సీమలవాళ్ళూ ఇరుగుపొరుగుల్లా మెలిగేవాళ్ళే. 2017లో 'జపాన్ వారసత్వం' గుర్తింపు కూడా ఇద్దరికీ ఉమ్మడిగానే వచ్చింది. "అయితే కార్టూన్ అబద్ధమా?" అన్నాడు. కథ రుచిగా ఉండాలంటే కొట్లాట కావాలి కదరా అన్నాను.

కోనాన్ స్టేషన్ నుంచి పొలాల మధ్య ఇరవై నిమిషాల నడక. వరి కోతలయ్యాయి, మోళ్ళ వాసన. అచ్చం మన ఊరి వాసనే. నింజా ఇల్లు అనే బోర్డు లేకపోతే దాటి వెళ్ళిపోయేవాళ్ళం. 1690ల ప్రాంతంలో కట్టిన మొచిజుకి వంశస్థుల ఇల్లు ఇది. ఆ వంశం కోకా నింజాల్లో పేరున్నది. ఎక్కడి నుంచో తెచ్చి నిలబెట్టింది కాదు, ఉన్నచోటే ఉంది. లోపల గోడలో తిరిగే తలుపు, గోతిలోకి దారి, బయటికి ఒక్క అంతస్తుగా కనిపించి లోపల మూడు అంతస్తులుగా ఉండే కట్టడం. చప్పట్లు కొట్టే జనం లేరు, ముసుగు వేసుకున్న అమ్మాయి లేదు. ఒక పెద్దాయన మూలికల టీ ఇచ్చి కూర్చోబెట్టారు.

"ఇదేంది నాన్నా, మామూలు ఇల్లే కద!" అన్నాడు మా వాడు, నిరాశగా.

నిన్న నాకు తోచని జవాబు వాడి నోట్లోంచే వచ్చింది. నేనేం మాట్లాడలేదు.

ఈ ఇంటివాళ్ళు బయటి ప్రపంచానికి మందుల వ్యాపారులు. మందుల సంచీ భుజాన వేసుకుంటే ఏ ఊరికైనా వెళ్ళొచ్చు, ఏ ఇంటి అరుగు మీదైనా కూర్చోవచ్చు, రోగం అడిగే వంకతో కబుర్లన్నీ కూపీ లాగొచ్చు. నింజాల అవసరం తీరిపోయాక సంచీ మిగిలింది. కోకాలో ఈనాటికీ మందుల కంపెనీలున్నాయి. రోకలి, కల్వం, మూలికల సొరుగులు ఉన్న గదిలో నేను అరగంట గడిపాను. మా వాడు ఆ గదిలో తుమ్మాడు.

మధ్యాహ్నం కుసత్సు, మయిబర మీదుగా గిఫు రైలు. దారిలో సెకిగహర అనే స్టేషన్ దాటింది. 1600లో ఇయెయసు దేశాన్ని గెలుచుకున్న యుద్ధభూమి అదే. మేము నిద్రలో ఉన్నాం.

నాలుగో రోజు, అక్టోబరు 12: సెకి, దసరా నాడు

ఈ రోజును ఎంచి మరీ పెట్టుకున్నాను. గిఫు నుంచి బస్సులో గంట లోపు దూరంలో సెకి. ఏటా అక్టోబరు రెండో శని, ఆదివారాల్లో అక్కడ కత్తుల పండగ చేస్తారు. 2024లో ఆ శనివారం దసరా అయింది. మన ఇళ్ళల్లో ఆయుధపూజ జరిగే రోజున కత్తుల ఊళ్ళో ఉండడం కన్నా ఏం కావాలి?

ప్రపంచంలో కత్తులకు పేరుపడ్డ ఊళ్ళు మూడని చెబుతారు: ఇంగ్లండులో షెఫీల్డ్, జర్మనీలో జోలింగెన్, జపాన్‌లో సెకి. కమకుర కాలం నుంచే, అంటే 700 ఏళ్ళ పైమాటే, ఇక్కడ కొలుములు మండుతున్నాయి. మంచి మట్టి, కొండల బొగ్గు, నగర అనే పేరున్న నది నీళ్ళు ఉన్నాయని కమ్మరులు వచ్చి స్థిరపడ్డారట. 'విరగదు, వంగదు, బాగా తెగుతుంది' అన్నది సెకి ఖడ్గానికి బిరుదు. జపాన్‌లో ఖడ్గాల తయారీకి ఐదు సంప్రదాయాలుంటే సెకి ఉన్న మినో సీమది అందులో ఒకటి.

ఊరి నడివీధి మొత్తం కత్తుల అంగళ్ళు. మన ఎగ్జిబిషన్‌లో గాజులు పోసినట్టు వంటకత్తులు, కత్తెరలు, గోళ్ళు తీసే కత్తెరలు, తోటపని కొడవళ్ళు పోసి అమ్ముతున్నారు. ఇంటి నుంచి మొద్దు కత్తులు గుడ్డలో చుట్టుకుని తెచ్చి సానపట్టించుకునే ఆడవాళ్ళ వరస ఒకవైపు. అమెరికా నుంచి, జర్మనీ నుంచి వచ్చిన కత్తుల పిచ్చోళ్ళు ఇంకోవైపు. గడ్డం ఉన్న ఒక అమెరికా పెద్దాయన తన గరాజులో కొలిమి పెట్టుకున్నాడట, నలభై ఏళ్ళ కిందట నింజా సినిమా చూసి మొదలుపెట్టిన పిచ్చి అని నవ్వాడు. ఇరవై ఏళ్ళ జపాన్ అమ్మాయిలు అద్దం ముందు మోకాళ్ళు వంచి, తల అటూ ఇటూ తిప్పుతూ పాత ఖడ్గాల అంచు మీది మబ్బు గీతను చూస్తున్నారు. పాత ఖడ్గాలను అందమైన కుర్రాళ్ళుగా మార్చిన ఒక ఆన్‌లైన్ ఆట 2015లో వచ్చాక ఖడ్గాల మ్యూజియంలకు అమ్మాయిల తాకిడి పెరిగింది. ఒకాయామ దగ్గరి సెతోఉచి అనే చిన్న పట్టణం 2020లో ప్రజల విరాళాలతో 50 కోట్ల యెన్‌లు పెట్టి ఒకే ఒక్క ఖడ్గాన్ని కొనుక్కుంది. ఉఎసుగి కెన్‌షిన్ అనే యుద్ధవీరుడి చేతికి వచ్చినది అది. వెర్రి అనుకోండి, భక్తి అనుకోండి.

కమ్మరి విద్య మ్యూజియం దగ్గర ఖడ్గం సాగగొట్టడం చూపించారు. పది గంటలకే జనం గుమిగూడారు. కొలిమి చుట్టూ గడ్డి తాడు కట్టి, దానికి మెలికలు తిరిగిన తెల్ల కాగితాలు వేలాడదీశారు. మామిడి తోరణం కట్టిన కమ్మరి కొట్టంలా అనిపించింది. కమ్మరులు తెల్ల బట్టలు కట్టారు. పెద్ద కమ్మరి ఎర్రగా కాలిన ముద్దను పటకారుతో తీసి దాగలి మీద పెట్టాడు, చేతిలోని చిన్న సుత్తితో టక్కున ఒక దెబ్బ వేశాడు. అది దెబ్బ కాదు, ఆజ్ఞ. ఎదురుగా సమ్మెటలు పట్టుకున్న ఇద్దరు వంతులవారీగా, ఒకరి తర్వాత ఒకరు, తాళం తప్పకుండా మోదారు. నిప్పురవ్వలు ముందు వరసలోని మా మోకాళ్ళ దాకా వచ్చాయి. ఒక పిల్ల ఏడ్చింది. మా వాడు ఊపిరి బిగబట్టాడు.

ఎదుటివాడు ఇలా వంతు దెబ్బ వేయడాన్ని జపనీస్‌లో 'ఐజుచి' అంటారు. మాట్లాడేటప్పుడు వినేవాళ్ళు 'హాయ్, హాయ్' అంటూ తలూపడానికి కూడా అదే మాట వాడతారు, కొలిమి నుంచి మాటల్లోకి వచ్చిందట. మనం మాత్రం? కథ చెబుతుంటే ఊఁ 'కొట్టమనే' కదా అంటాం.

ఆ ముద్ద పేరు తమహగనె. షిమానె జిల్లా ఒకుఇజుమొ కొండల్లో ఏటా చలికాలంలో మాత్రమే మట్టి కొలిమి కడతారు. మూడు పగళ్ళు, మూడు రాత్రులు నిద్ర లేకుండా ఇనుపరజను, బొగ్గు వేస్తూ పోతారు. దాదాపు 10 టన్నుల రజను, 12 టన్నుల బొగ్గు మింగి ఆ కొలిమి రెండున్నర టన్నుల ముద్దను కక్కుతుంది. అందులో ఖడ్గానికి పనికొచ్చే మేలు ఉక్కు టన్ను కూడా ఉండదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆగిపోయిన ఈ పద్ధతిని ఖడ్గ పరిరక్షణ సంఘంవాళ్ళు 1977లో మళ్ళీ వెలిగించారు. ఆ ఉక్కును దేశంలోని ఖడ్గ కమ్మరులకు పంచుతారు. కమ్మరి దాన్ని సాగగొట్టి, మడిచి, మళ్ళీ సాగగొట్టి, పదిహేను సార్ల దాకా మడుస్తాడు. తర్వాత ఒంటికి మట్టి పూస్తాడు, వీపున మందంగా, అంచున పలచగా. కాల్చి నీళ్ళలో ముంచితే అంచు గట్టిపడి, వీపు మెత్తగా మిగులుతుంది. విరగకపోవడం, తెగడం రెండూ ఒకే కత్తిలోకి వచ్చేది ఆ మట్టిపూత వల్లే. ఇక సానపట్టేవాడు వేరు, ఒర చేసేవాడు వేరు, పిడి అల్లేవాడు వేరు. ఇగాలో నిన్న కాక మొన్న పట్టుతాళ్ళు కూడా చూశాం, అవి ఇలాంటి ఒరలకు కట్టేవే.

అది వింటున్నంతసేపూ నాకు కోనసముద్రమే మెదిలింది. మా అమ్మమ్మ వాళ్ళది నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి వైపు. ఆ పక్కనే కోనసముద్రం. చిన్న మట్టి మూసల్లో ఇనుము పెట్టి, మూత వేసి, కరిగించి, మెల్లగా చల్లార్చి ఉక్కు గడ్డలు తీసిన ఊరు. ఆ గడ్డల కోసం పర్షియా వర్తకులు అక్కడే మకాం వేసేవాళ్ళు. డమాస్కస్ ఖడ్గాలని లోకం మెచ్చుకున్న వాటి మీది నీటి అలల గీతలు ఇలాంటి ఉక్కువే. 1820ల్లో హెన్రీ వాయ్‌సీ అనే శాస్త్రవేత్త వచ్చి ఆ పని చూసి రాసిపెట్టాడు. చిన్నప్పుడు మేము పొలంగట్ల మీద ఏరి ఆడుకున్న నల్లటి చిట్టెం రాళ్ళు ఆ కొలుములవేనని నాకు తెలిసింది నలభై దాటాక. మా పద్ధతి వేరు, వాళ్ళ పద్ధతి వేరు, పోల్చి ఎవరు గొప్ప అనడం దండగ. కానీ వాళ్ళు కొలిమి మళ్ళీ వెలిగించుకున్నారు. మేము చిట్టెం రోడ్ల గుంతల్లో పోసుకున్నాం. ఆ రోజు ఆ మాట కొంచెం గుచ్చుకుంది.

పక్కనే తొట్టిలాంటి పెట్టె ఉంది, పాతబడ్డ కత్తులు వేయడానికి. నవంబరు 8 ఇక్కడ కత్తుల దినం. ఆ అంకెలను ఒక రకంగా పలికితే జపనీస్‌లో 'మంచి వాదర' అన్న మాట వస్తుందట. ఆ రోజు ఈ పనికిరాని కత్తులకు పూజ చేసి, ఇన్నాళ్ళు సేవ చేసినందుకు దండం పెట్టి సాగనంపుతారు. మా వాడు రోడ్డు పక్క గింకో చెట్టు నుంచి రాలిన ఆకొకటి తెచ్చి, ఇంకా పచ్చగానే ఉంది, నా చేతిలో పెట్టి కాళ్ళకు దండం పెట్టాడు. "బంగారం నాన్నా." జమ్మి లేని ఊళ్ళో అదే జమ్మి.

అయిదో రోజు, అక్టోబరు 13: సెకి నుంచి ఒసాకా

పొద్దున ఊళ్ళో తిరిగాం. 1876లో మెయిజి ప్రభుత్వం ఖడ్గాలు ధరించకూడదని చట్టం తెచ్చింది. ఒక్క సంతకంతో వందల ఏళ్ళ వృత్తికి గిరాకీ పోయింది. సెకి కమ్మరులు కూర్చుని ఏడవలేదు, వంటకత్తులకీ జేబుకత్తులకీ మారారు. 1908లో జేబుకత్తులతో మొదలైన కాయ్ కంపెనీ ఇక్కడిదే. ఫెదర్ బ్లేడ్లు 1932లో ఇక్కడే పుట్టాయి. గడ్డం గీసుకునేవే కాదు, శస్త్రచికిత్సలకూ, కణజాలాన్ని కాగితం కన్నా పలచగా కోయడానికీ వాడే బ్లేడ్లు కూడా చేస్తారు. మా చెల్లెలు హైదరాబాద్‌లో పాథాలజిస్టు. ఫోటో పంపితే "నా టేబుల్ మీద రోజూ ఉండేదేరా అన్నా, ఆ ఊరు చూడ్డానికి అంత దూరం పోయినవా?" అని నవ్వింది. సమురాయ్ నడుము నుంచి దిగిన ఉక్కు ల్యాబు బల్ల మీద ఎవరికీ కనిపించకుండా కూర్చుంది. ఏడో వేషం!

ఖడ్గాలు చేసేవాళ్ళు ఇంకా ఉన్నారు, కానీ గట్టి కట్టుబాట్ల మధ్య. గురువు దగ్గర కనీసం అయిదేళ్ళు శిష్యరికం చేసి, ప్రభుత్వ సాంస్కృతిక శాఖ అనుమతి పొందాలి. నెలకు రెండు పొడవాటి ఖడ్గాలకు మించి చేయకూడదు. ప్రతి ఖడ్గానికీ రిజిస్ట్రేషన్ కాగితం. తొందరపడి నాసిరకం చేయకుండా ఈ ఏర్పాటు. నెలకు రెండంటే ఇల్లు గడవడం ఎలాగో ఊహించుకోవచ్చు. విదేశీ సేకర్తలు కొంటే కొంత ఊరట.

ఆరో రోజు, అక్టోబరు 14: సకాయ్

ఒసాకా దక్షిణాన సకాయ్. టెన్నోజి నుంచి పాత ట్రాము ఇళ్ళ మధ్య నుంచి గంట కొడుతూ పోతుంది. సకాయ్ కమ్మరులు ఒకప్పుడు తుపాకులు చేశారు. పోర్చుగీసువాళ్ళతో పాటు పొగాకు వచ్చాక, ఆకును సన్నగా తరిగే కత్తులకు మారారు. ఆ కత్తులకు షోగున్ (అప్పటి సైనిక పాలకుడు) ప్రభుత్వం తన ముద్ర వేసిచ్చింది. ఇప్పుడు జపాన్ హోటళ్ళలో చెఫ్‌ల చేతుల్లో ఉండే కత్తులకు సకాయ్ పెట్టింది పేరు. ఇక్కడ ఒక కత్తి ఒక ఇంట్లో పుట్టదు. ఒక ఇల్లు ఉక్కును మెత్తటి ఇనుముకు అతికి సాగగొడుతుంది. ఇంకో ఇల్లు పదును పెడుతుంది. మూడో ఇల్లు పిడి తొడుగుతుంది, హో చెట్టు కొయ్యకు బర్రె కొమ్ము కట్టు వేసి.

సంప్రదాయ కళల మ్యూజియం కింద దుకాణం. "తెల్ల కాగితం ఉక్కా, నీలి కాగితం ఉక్కా?" అని అడిగారు. ఉక్కు తెల్లగానో నీలంగానో ఉంటుందని వెతికాను. యసుగి అనే ఊళ్ళో తయారయ్యే ఈ ఉక్కు రకాలకు ఆ పేర్లు గుర్తు కోసం అతికించే కాగితం రంగును బట్టి వచ్చాయని నవ్వారు. నేను తీసుకున్నది 'నకిరి', కూరగాయల కత్తి, పొడవాటి పలకలా ఉంటుంది. తుడవకుండా వదిలేస్తే తుప్పు పడుతుంది, నిమ్మకాయ కోశాక వెంటనే కడగాలి అని దుకాణంలోని పెద్దావిడ రెండుసార్లు చెప్పింది. మా అమ్మ కత్తిపీట గురించి కూడా ఇదే చెబుతుంది, ఇంకొంచెం గట్టి గొంతుతో.

పేరు చెక్కిస్తారు. చిన్న ఉలితో, సుత్తితో, కంటి ఎదుటే. జపాన్ అక్షరాల్లో చెక్కుతానన్నాడు ఆయన. మా వాడు నోట్‌బుక్కు తీసి 'అమ్మ' అని తెలుగులో రాసిచ్చాడు. ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. వాళ్ళ అక్షరాలన్నీ గీతలు, మనవన్నీ వంపులు, ఉలికి వంపు రాదు. చిన్న చిన్న గాట్లు వేసుకుంటూ 'అ' చుట్టు తిప్పడానికే చాలాసేపు పట్టింది. 'మ' దగ్గర ఆగి చెమట తుడుచుకున్నాడు. ఒత్తు దగ్గర మా వాడి వైపు చూశాడు. వాడు వేలితో గాల్లో గీసి చూపించాడు. డబ్బులు మాత్రం అదనంగా తీసుకోలేదు, తెలుగు అక్షరాలు ఇప్పుడే మొదటిసారి అన్నాడు.

కత్తిని మూడు చుట్లు కాగితంలో చుట్టి, పెట్టెలో పెట్టి, టేపు వేశారు. అంచు ఆరు సెంటీమీటర్లు దాటిన కత్తిని కారణం లేకుండా వెంట పెట్టుకు తిరిగితే ఈ దేశంలో నేరం. ఖడ్గాల దేశంలో వంటకత్తికి కూడా కారణం చూపించాలి.

మా వాడు తన నింజా నక్షత్రాన్ని రబ్బరుదే కొన్నాడు. అదీ చేతి సంచీలో పెట్టాడు. ఒక విమానాశ్రయంలో తనిఖీ ఆవిడ దాన్ని పైకెత్తి, వంచి చూసి, వాడి ముఖం చూసి, తిరిగిచ్చేసింది.

ఇంటికొచ్చాక

పెట్టె విప్పి కత్తి అమ్మ చేతికివ్వబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది. "చేతికియ్యొద్దు, కింద పెట్టు." ఉప్పు, మిరపకాయలు, కత్తి చేతిలో చెయ్యి పెట్టి ఇస్తే కొట్లాటలొస్తాయని మా ఇంటి నమ్మకం. గట్టు మీద పెట్టాను. ఆమె తీసి, వేలి గోరు మీద ఆనించి పదును చూసి, వెలుగుకు ఎత్తి 'అమ్మ' అన్న గాట్లను తడిమింది.

"ఎవరు రాసిన్రు? పిల్లగాడి రాతలెక్క ఉన్నది."

"జపాన్ తాత" అన్నాడు మా వాడు.

ఆ రోజు వంకాయ కూర. నిలబడి కోయడం రాదంటూ, నకిరిని గట్టు మీదే ఉంచి, పీట వేసుకుని, కత్తిపీట ముందుకు లాక్కుంది. సగం కాయలు అయ్యాక లేచి, ఒక్క కాయ కొత్త కత్తితో కోసింది. వెంటనే కడిగి, కొంగుతో తుడిచి, దేవుడి అరలో పెట్టింది.